పాత నగల మారుబేరం - నేను నేర్చుకున్న లెక్కలు

ప్రత్యేక సంచికకు ఏదైనా ఒక వ్యాసం రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు, ఏం రాయాలా అని చాలా రోజులు ఆలోచించాను. గ్రంథాలయంలో కూర్చుని నాలుగు పుస్తకాలు తిరగేసి రాయగలిగిన వాళ్ళు మన కాలేజీలో నాకంటే సమర్థులు ఉన్నారు. నాకు పుస్తకం కంటే ముందు మోపెడ్డు వెనక సీటు మీద కూర్చుని నేర్చుకున్న చదువు ఒకటి ఉంది. ఊరూరా తిరిగి పాత ఇత్తడి, రాగి, వెండి, ఎప్పుడైనా ఒకసారి బంగారం కొని తిరిగి అమ్మే పని అది. మారుబేరం అంటారు. అందులోని లెక్కలు, కిటుకులు, ధర్మసందేహాలు మిత్రులకు చెబుదామని ఈ వ్యాసం రాస్తున్నాను. మనలో చాలామంది ఇళ్ళల్లో పాత నగ ఏదో ఒకటి ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు దాన్ని అమ్మవలసిన అవసరమూ వస్తుంది. అప్పుడైనా ఇది పనికి రావచ్చు.

మా ఊరు కంభానికీ, బేస్తవారిపేటకూ మధ్య ఒక చిన్న పల్లె. మా చిన్నాన్న ముప్ఫై ఏళ్ళుగా ఈ వ్యాపారం చేస్తున్నాడు. నేను డిగ్రీ చదివే రోజుల్లో వరసగా మూడు ఎండాకాలాలు ఆయన వెంట తిరిగాను. మార్కాపురం, తర్లుపాడు, రాచర్ల, గిద్దలూరు, కొమరోలు చుట్టుపక్కల పల్లెలు చాలా చూశాను.

అమెరికా లాంటి దేశాల్లో ఇంట్లో అక్కర్లేని సామాను ఇంటి ముందర బల్లల మీద పరిచి, ధర చీటీలు అంటించి అమ్ముకుంటారట. ఆ రాశిలో ఎక్కడైనా అసలు బంగారం, వెండి ఉన్నదేమోనని వెతికి కొని లాభానికి అమ్మేవాళ్ళు కూడా అక్కడ ఉన్నారు. మన దగ్గర అది కుదరదు. ఇంట్లో వస్తువు అమ్ముకుంటున్నామంటే పరువు తక్కువ. నలుగురూ చూసేటట్లు వాకిట్లో ఎవరూ పరచరు. అందుకని మారుబేరగాడే ఇంటికి రావాలి. బేరం పెరటి గుమ్మం దగ్గర, మధ్యాహ్నం వీధిలో మనుషులు లేని వేళ జరగాలి. గొంతు తగ్గించి మాట్లాడాలి. మా చిన్నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే. "వీధిలో ఎంతయినా అరువు, గుమ్మం దాటినాక మాత్రం మెల్లగా మాట్లాడు" అనేవాడు.

ఎవరు అమ్ముతారు, ఎందుకు అమ్ముతారు

1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోవి. ఒంగోలు జిల్లాగా పుట్టిన ఆ జిల్లాకు 1972లో ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. జిల్లా మారినా మా నేల మారలేదు. ఒకవైపు నల్లమల, మిగిలిన వైపులా మెట్ట. కంభం చెరువు కింద పారే భూములు, మరికొన్ని చిన్న చెరువుల కింద మడులు తప్పిస్తే అంతా వానను, బోరును నమ్ముకున్న వ్యవసాయమే. వాన తప్పితే బోరు వేస్తారు. బోరులో నీళ్ళు పడకపోతే ఇంకొకటి వేస్తారు. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందనేది మారుబేరగాడికి తెలిసినట్టు ఆర్థికశాస్త్రం చదివిన వాడికి కూడా తెలియదు.

అమ్మకానికి ఒక వరస ఉంటుంది. ముందు గంగాళాలు, అండాలు, ఇత్తడి బిందెలు వస్తాయి. తరవాత రాగి చెంబులు. ఆ తరవాత పిల్లల మొలతాళ్ళు, కాళ్ళ పట్టీలు, అవ్వల కడియాలు. బంగారాన్ని ముందుగా అమ్మరు, తాకట్టు పెడతారు. తాకట్టు విడిపించలేనప్పుడు వదులుకుంటారు. పుస్తెల జోలికి చివరిదాకా పోరు. ఏ ఊళ్ళో ఏ వస్తువు బయటికి వస్తున్నదో చూసి, ఆ ఊరి పరిస్థితి ఎట్లా ఉన్నదో మా చిన్నాన్న చెప్పేవాడు. "ఈ ఊర్లో కడియాలు కదిలినయ్యంటే బోర్లు ఎండినట్టేరా అబ్బయ్యా" అనేవాడు. 

ఇత్తడి మూటలో దొరికిన భరిణె

2022 మే నెలలో రాచర్ల వైపు ఒక పల్లెలో ఒక అవ్వ దగ్గర పదకొండు కిలోల పాత ఇత్తడి కొన్నాము. పగిలిన బిందె, చిల్లుపడ్డ తపేలా, దీపపు సెమ్మె, గంటె, ఒక కుంకుమ భరిణె. భరిణె మూత చిలుము పట్టి బిగుసుకుపోయి ఉంది. అన్నీ కలిపి తూకం వేసి, కిలో లెక్కన డబ్బు ఇచ్చి వచ్చాము.

ఇంటికి వచ్చి సామాను వేరు చేసేటప్పుడు భరిణె మూతను సుత్తితో తట్టి తీశాను. లోపల నూనె గుడ్డ చుట్టిన రెండు పోగులు ఉన్నాయి. మగవాళ్ళు పెట్టుకునే చెవిపోగులు. కమ్మి లావుగా, గట్టిగా ఉంది, రాళ్ళూ పూసలూ ఏమీ లేవు. మసి పట్టి నల్లగా ఉన్నాయి. గిల్టువో, అసలువో చూస్తే తెలియలేదు. ఇత్తడి కిలో 500 రూపాయలనుకుంటే ఆ రెండు పోగులకూ మేము ఇచ్చింది మూడు రూపాయల ముప్ఫై పైసలు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

రాయి మీద పరీక్ష

మరునాడు మార్కాపురంలో చిన్నాన్నకు తెలిసిన ఒక ఆచారి గారి దగ్గరికి వెళ్ళాము. ఆయన ముందు అయస్కాంతం పెట్టి చూశాడు. అంటుకోలేదు. దాంతో నేను సంతోషపడ్డాను. ఆయన నవ్వి, "ఇనుము కాదని తేలింది అబ్బాయ్, అంతే. రాగి అంటుకోదు, ఇత్తడి అంటుకోదు, వెండి అంటుకోదు" అన్నాడు. చాలామంది ఇళ్ళల్లో అయస్కాంతం పరీక్ష చేసి బంగారమని నమ్ముతారు. అది పొరపాటు.

తరవాత ఆకురాయితో పోగు లోపలి వైపు చిన్న గాటు పెట్టాడు. పైన నీరు పోసిన పూత ఉంటే రాయి మీద గీసినప్పుడు పూతే గీత పడుతుంది, లోపలి లోహం తెలియదు. అందుకని గాటు పెట్టిన చోట గీయాలి. గీటురాయి నల్లగా, నునుపుగా, బంగారం కంటే గట్టిగా ఉండాలి. ఆసిడ్‌కు కరగకూడదు. మార్కాపురం వాడినే కనుక నా బుర్రలో ఒక ప్రశ్న పుట్టింది. దేశమంతా వాడిన మా పలక కూడా నల్లనిదే కదా, దాని మీద గీస్తే? ఆచారి గారు నా తృప్తి కోసం ఒక పలక ముక్క తెచ్చి గీయించాడు. పలక మెత్తన కనుక దాని పొడే ముందు లేచింది. బంగారపు గీత సరిగా కనపడలేదు.

గీటురాయి మీద మా పోగుతో ఒక గీత, పక్కన నాణ్యం తెలిసిన సూదులతో వేరే గీతలు గీశాడు. గీతల మీద నత్రికామ్లం చుక్క వేశాడు. ఇత్తడి గీత అయితే ఆకుపచ్చగా నురగ వచ్చి మాయమవుతుంది. బంగారం గీత నిలుస్తుంది. మా గీత నిలిచింది. ఎక్కువ నాణ్యం ఉన్న బంగారాల మధ్య తేడా తేలాలంటే ఉప్పు ఆమ్లం కొంచెం కలిపిన ఘాటైన ద్రవం వాడి, ఏ గీత ముందు పలచబడుతుందో చూడాలి. మా పోగుల గీత ఇరవై రెండు క్యారెట్ల సూది గీతకంటే ముందు పలచబడింది, పద్దెనిమిది క్యారెట్ల గీతకంటే ఆలస్యంగా పలచబడింది. "ఇరవై దగ్గర ఉంటుంది" అన్నాడాయన. ఈ ఆసిడ్ల పొగ ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. మిత్రులెవరూ ఇంట్లో ఈ ప్రయోగం చేయవద్దని మనవి.

ఆ ఆచారి గారు మాటల్లో వాళ్ళ నాన్న సంగతి చెప్పాడు. 1962లో చైనా యుద్ధం తరవాత విదేశ మారకం కొరత వచ్చింది. మొరార్జీ దేశాయ్ ఆర్థికమంత్రిగా ఉండగా 1963 జనవరిలో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. పద్నాలుగు క్యారెట్లకు మించిన నాణ్యంతో కొత్త నగలు చేయకూడదన్నారు. పద్నాలుగు క్యారెట్ల నగ ఎవరికి కావాలి? దేశమంతటా కంసాలుల పనిపోయింది, ఎందరో ఆత్మహత్యలు చేసుకున్నారు. ఈ ఆచారి గారి తండ్రి కుంపటి ఆర్పేసి కొంతకాలం పలకల గనిలో కూలికి పోయాడట. పద్నాలుగు క్యారెట్ల షరతు 1966లో తీసేశారు. 1968లో బంగారం నియంత్రణ చట్టం వచ్చింది, 1990లో దాన్ని రద్దు చేశారు. ఆ ఇరవై ఏడేళ్ళ మధ్య పుట్టిన నగల్లో నాణ్యం రకరకాలుగా ఉండటానికి ఇది ఒక కారణమని ఆయన అభిప్రాయం.

నీళ్ళలో తూకం

సెలవులు అయిపోయాక నేను పోగులను కాలేజీకి తీసుకువచ్చాను. ప్రయోగశాలలో సెంటీగ్రాము దాకా చూపించే త్రాసు ఉంది. మనం ఇంటర్మీడియేట్‌లో మార్కుల కోసం బట్టీ పెట్టిన ఆర్కిమిడీస్ సూత్రం నాకు మొదటిసారి నిజంగా అక్కరకు వచ్చింది.

గాలిలో పోగుల బరువు 6.60 గ్రాములు. సన్నటి దారంతో నీళ్ళలో వేలాడదీస్తే తగ్గిన బరువు 0.40 గ్రాము. 6.60ని 0.40తో భాగిస్తే 16.5. అంటే నీటికంటే పదహారున్నర రెట్లు బరువైన లోహం. మేలిమి బంగారం 19.3, వెండి 10.5, రాగి సుమారు 9, ఇత్తడి ఎనిమిదిన్నర చిల్లర. వెండి, రాగి సమానంగా కలిపిన బంగారమైతే ఇరవై రెండు క్యారెట్లకు సుమారు 17.8, ఇరవై క్యారెట్లకు 16.5, పద్దెనిమిది క్యారెట్లకు 15.5 వస్తుంది. ఆచారి గారి రాయి, నా నీళ్ళు ఒకే మాట చెప్పాయి.

అయితే ఈ పద్ధతి లోపాలు కూడా చెప్పాలి. చిన్న వస్తువు విషయంలో త్రాసు ఒక్క సెంటీగ్రాము తప్పు చూపినా, అంటే 0.40కి బదులు 0.39 అని చూపినా, ఫలితం 16.9 అవుతుంది. అర క్యారెట్టు పైగా తేడా వస్తుంది. వస్తువు మీద గాలి బుడగ ఒకటి అంటుకుంటే చాలు, బంగారం కాస్తా నాసిరకమై కూర్చుంటుంది. లక్క నింపిన గుండ్లకు, బోలు కడియాలకు, రాళ్ళు పొదిగిన కమ్మలకు ఈ లెక్క పనికిరాదు. టంగ్‌స్టన్ అనే లోహం సాంద్రత 19.25. లోపల అది పెట్టి పైన బంగారం తొడిగితే నీళ్ళు కూడా మోసపోతాయి. ఎక్స్‌రేతో పరీక్షించే యంత్రాలు ఇప్పుడు పట్టణాల్లో ఉన్నాయి. అవి నిమిషంలో నాణ్యం చెబుతాయి కాని పై పొరనే చూస్తాయి. చివరి మాట చెప్పేది నిప్పే. చిన్న ముక్క కోసి, సీసంతో కలిపి కరిగించి, చిల్లుల మూసలో చెత్త లోహాలను పోగొట్టి, మిగిలిన వెండిని ఆసిడ్‌లో కరిగించి, నికరంగా మిగిలిన బంగారాన్ని తూచే పద్ధతి వందల ఏళ్ళ నాటిది. హాల్‌మార్కు కేంద్రాలు ఈ పనికే ఉన్నాయి.

హాల్‌మార్కు సంగతి క్లుప్తంగా చెబుతాను. భారత ప్రమాణాల సంస్థ బంగారు నగలకు 2000లో, వెండికి 2005లో హాల్‌మార్కు మొదలుపెట్టింది. 2021 జూన్‌లో 256 జిల్లాల్లో బంగారానికి తప్పనిసరి చేశారు. ఆ జులై నుంచి ప్రతి నగ మీద ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తు సంఖ్య వేస్తున్నారు. 916 అని ఉంటే వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు బంగారం, అంటే ఇరవై రెండు క్యారెట్లు. ఈ నియమం అమ్మే వ్యాపారికి. మన అవ్వల దగ్గర ఉన్న ముద్రలేని పాత నగను అంగడికి అమ్ముకోవడానికి అడ్డు లేదు. నగను పరీక్ష చేయించుకోవాలనుకునే మామూలు మనిషి కూడా కేంద్రానికి పోవచ్చు. నాలుగు వస్తువుల దాకా 200 రూపాయలు రుసుము అని 2023లో ప్రకటించారు. వేల రూపాయల బేరానికి ముందు ఆ ఖర్చు పెట్టడం తెలివైన పని.

ధర కట్టే లెక్క

లెక్క సులువుగా ఉండటానికి మేలిమి బంగారం గ్రాము 10,000 రూపాయలనుకుందాం. మా పోగులు 6.60 గ్రాములు, ఇరవై క్యారెట్లు. 6.60ని 20తో హెచ్చించి 24తో భాగిస్తే మేలిమి 5.50 గ్రాములు. విలువ 55,000 రూపాయలు. అంగడివాడు కరిగించినప్పటి తరుగు, తన లాభం పోను కొంత తగ్గించి ఇస్తాడు. ఎంత తగ్గించాలనేదే బేరం. క్యారెట్టు, తూకం, ఆ రోజు ధర, ఈ మూడూ విడివిడిగా కాగితం మీద రాయించుకోకుండా "మొత్తం మీద ఇంత ఇస్తాను" అనేవాడి దగ్గర అమ్మకూడదు.

కొత్త నగ కొని కొద్ది రోజుల్లో అమ్మితే ఎంత నష్టమో కూడా చూద్దాం. పది గ్రాముల ఇరవై రెండు క్యారెట్ల గొలుసు. లోహం విలువ 91,670. తరుగు, మజూరీ కలిపి నూటికి పది వేశారనుకుంటే 9,167. మొత్తం 1,00,837. దీని మీద నూటికి మూడు వంతున జి.ఎస్.టి. సుమారు 3,025. చేతి నుంచి పోయింది 1,03,862. మర్నాడు అదే గొలుసు అమ్మితే వచ్చేది గరిష్ఠంగా 91,670. పన్నెండు వేలు పైగా పోయినట్లే. బంగారం ధర పెరగడం వల్ల ఈ నష్టం కనపడదు, అంతే. పొదుపు కోసం నగ చేయించుకునే తల్లిదండ్రులకు ఈ లెక్క మనం ఒకసారి చెప్పాలి.

వెండి, రూపాయలు, తులం

మా వైపు అసలైన మారుబేరం వెండిలోనే జరుగుతుంది. ఇక్కడ మోసానికి ఉన్న దారులు కూడా ఎక్కువే. ముందు చెప్పవలసింది జర్మన్ సిల్వర్. పేరులో వెండి ఉంది గాని వస్తువులో వీసమెత్తు వెండి లేదు. అది రాగి, నికెలు, యశదం కలిసిన లోహం. పెళ్ళిళ్ళలో ఇచ్చే పళ్ళేలు, కుంకుమ గిన్నెలు చాలావరకు ఇవే.

రెండోది రూపాయల దండ. కొందరు అవ్వల దగ్గర పాత రూపాయలకు కొక్కేలు అతికించి గుచ్చిన దండలు ఉంటాయి. వాటిని ఒకే ధరకు కొనడం, అమ్మడం రెండూ తప్పే. నాణెం మీద సంవత్సరం చూడాలి. రాణీ బొమ్మ నుంచి 1939 దాకా ఉన్న రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో వందకు 91.7 పాళ్ళు వెండి, అంటే దాదాపు 10.7 గ్రాములు. యుద్ధకాలంలో, 1940 నుంచి, అదే బరువు రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. 1947 రూపాయిలో వెండే లేదు, అది నికెలు. అయస్కాంతం ఇక్కడ మాత్రం చక్కగా పనిచేస్తుంది. నికెలు రూపాయి ఠక్కున అంటుకుంటుంది.

మూడోది తులం. దీన్ని నేను అన్నింటికంటే పెద్ద ఉచ్చు అంటాను. పాతవాళ్ళకు తులం అంటే రూపాయెత్తు, 11.66 గ్రాములు. 1956లో తూనికల చట్టం వచ్చి మెట్రిక్ పద్ధతి అమలయిన తరవాత అంగళ్ళలో తులమంటే పది గ్రాములనడం అలవాటయింది. ఒక అవ్వ "ఇవి మూడు తులాల కడియాలు నాయనా, మా అమ్మ చేయించింది" అంటుంది. ఆమె చెప్పే మూడు తులాలు 35 గ్రాములు. త్రాసు వేయకుండా ఆమె మాట ప్రకారమే మూడు తులాలకు డబ్బు ఇచ్చేవాడు 30 గ్రాములకే ఇస్తాడు. అవ్వ అబద్ధం ఆడలేదు, వాడూ పైకి అబద్ధం ఆడినట్లు కనపడడు. అయిదు గ్రాముల వెండి మాత్రం పోయింది. అందుకని తులం అనే మాట పక్కన పెట్టి గ్రాముల్లోనే తూకం వేయించాలి.

పాత పట్టుచీరలు కొంటామని కేకలు వేసుకుంటూ తిరిగేవాళ్ళను మీరు చూసే ఉంటారు. వాళ్ళకు కావలసింది చీర కాదు, అంచులోని జరీ. అసలు జరీ అంటే పట్టుదారం మీద సన్నటి వెండి తీగ చుట్టి బంగారు పూత వేసినది. చీరను కాల్చి వెండి తీస్తారు. నకిలీ జరీలో వెండికి బదులు రాగి తీగ ఉంటుంది. వాళ్ళు అంచును గీటురాయి మీద రుద్ది చూసి ధర చెబుతారు. చీరెకు ఒకటే ధర చెప్పేవాడికి అమ్మేముందు పక్క ఊళ్ళో ఇంకొకరిని అడగడం మంచిది.

చట్టం ఏమంటుంది

ఒకసారి సంతలో ఒక కుర్రవాడి దగ్గర చిన్నాన్న ఒక జత వెండి పట్టీలు కొన్నాడు. పది రోజులకు పోలీసులు ఆ కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. దొంగసొత్తు. పట్టీలు రికవరీ కింద పోయాయి, ఇచ్చిన డబ్బు పోయింది, వారం రోజులు స్టేషను చుట్టూ తిరిగాడు. 1930 నాటి సరకుల విక్రయ చట్టం ప్రకారం అమ్మేవాడికి లేని హక్కు కొనేవాడికి రాదు. ఇక దొంగసొత్తని తెలిసి, లేదా అనుమానించడానికి కారణం ఉండి కూడా కొంటే అది నేరం. పూర్వం శిక్షాస్మృతిలో 411వ సెక్షను. 2024 జులై నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షను.

అప్పటి నుంచి చిన్నాన్న ఒక నోటుబుక్కు పెట్టాడు. అమ్మినవాళ్ళ పేరు, ఊరు, ఫోను నంబరు, వస్తువు బరువు, ఇచ్చిన డబ్బు, సంతకమో వేలిముద్రో. వస్తువుకు సెల్‌ఫోనులో ఫొటో. కుర్రవాళ్ళ దగ్గర, తాగి వచ్చినవాళ్ళ దగ్గర కొనడు. తెగిన గొలుసు తెస్తే అసలే ముట్టుకోడు.

మా నల్లమల పక్క ఊళ్ళల్లో గుప్తనిధుల పిచ్చి కూడా ఉంది. మట్టిలో దొరికిన కాసులని ఎవరైనా తెస్తే కొనకూడదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి.

పోగులు ఏమయ్యాయి

పోగుల విలువ తేలిన రోజు నాకు హాస్టలు మెస్సు బకాయి పద్దెనిమిది వేలు ఉంది. కట్టకపోతే పరీక్షకు కూర్చోనివ్వమని చెప్పారు. పోగులు జేబులో పెట్టుకుని ఇంటికి పోయాను.

చిన్నాన్న వాదన ఇది. "తూకం వేసి కొన్నాంరా. ఇంట్లో దూరి ఎత్తుకరాలా. భరిణె మనది, భరిణెలో ఉండేదీ మనదే. రేపు మనం కొన్న సరుకులో సీసం కలిసి నష్టం వస్తే ఆ అవ్వ ఇచ్చిద్దా?"

"అవ్వ భరిణె అమ్మింది చిన్నాన్నా, పోగులు అమ్మలా. అవి దాంట్లో ఉన్నట్టు ఆమెకూ తెలవదు, మనకూ తెలవదు" అన్నాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఇద్దరూ ఒకే వస్తువు గురించి ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే సమ్మతి అని ఉంది. మేము పదకొండు కిలోల ఇత్తడికి సమ్మతించాము. పోగుల గురించి ఎవరూ ఎవరితోనూ ఒప్పుకోలేదు. ఇదంతా చెప్పాను కాని, నిజం చెప్పాలంటే ఆ సెక్షను నేను వెతికింది పోగులు ఉంచుకోవడానికి ఏదైనా దారి దొరుకుతుందేమోనని.

మా పిన్ని పొయ్యి దగ్గర నుంచే అంది. "ఆ పోగులు పోయిన్నాడు ఆ ఇంట్లో ఎవురో ఒకరు మాట పడే ఉంటారు. పోయి ఇచ్చిరాండి."

మర్నాడు ఇద్దరం వెళ్ళాము. అవ్వ పోగులను చూసి గుర్తుపట్టింది. చనిపోయిన భర్తవి. ఆయన పోయిన తొమ్మిదేళ్ళ నుంచి కనపడలేదట. ఎక్కడో దాచి మరచిపోయింది తనే. అనుమానం మాత్రం చిన్నకోడలి మీదకు పోయింది. మాటా మాటా పెరిగి చిన్నకొడుకు వేరు పడ్డాడు. ఇల్లు అదే వీధిలో, నాలుగు గడపల అవతల.

అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత మనవరాలిని పంపి కోడలిని పిలిపించింది. ఆమె వచ్చి గుమ్మం బయటే నిలబడింది. పోగులను చూసింది, మమ్మల్ని చూసింది. "ఇప్పుడు దొరికినయ్యా" అని ఒక్క మాట అని వెనక్కి వెళ్ళిపోయింది. అవ్వ లేచి ఆమె వెనకాలే పోయింది. ఆ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. మేము వచ్చేటప్పుడు అవ్వ పెద్దకొడుకు నాలుగు శేర్ల కందులు మూటకట్టి బండి మీద పెట్టాడు. చిన్నాన్న వద్దనలేదు.

దారిలో ఆయన ఒకటే అన్నాడు. "తొమ్మిదేండ్లురా." నేను జవాబు చెప్పలేదు.

మెస్సు బకాయి రెండు విడతలుగా కట్టాను. మొదటి విడతకు చిన్నాన్న ఇచ్చాడు, రెండోదానికి ఒక మిత్రుడి దగ్గర అప్పు చేశాను. బంగారం ధర పెరిగిందని పేపర్లో చూసినప్పుడల్లా ఇప్పటికీ 5.50ని ఆ రోజు ధరతో హెచ్చించి చూస్తుంటాను. ఇది చెప్పుకోవడానికి గొప్ప విషయం కాదు గాని, దాచి రాస్తే వ్యాసం అబద్ధమవుతుంది.

మిత్రులకు మనవి

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక మధ్యాహ్నం ఈ పని చేయండి. ఇంట్లో ఉన్న పాత వెండి, బంగారాన్ని పెద్దవాళ్ళ ముందరే గ్రాముల్లో తూచండి. రాళ్ళు, లక్క ఉన్నవాటిని వేరుగా రాయండి. నాణేల సంవత్సరాలు చూడండి. ప్రతి వస్తువుకు ఫొటో తీసి, అది ఎవరిదో, ఎప్పటిదో, ఎక్కడ దాచారో ఒక కాగితం మీద రాసి అవ్వ పెట్టెలో పెట్టండి. అమ్మే అవసరం వస్తే మోసపోరు. అమ్మే అవసరం రాకపోయినా, మరుపు వల్ల పోయిన వస్తువుకు ఇంట్లో ఇంకొకరు దొంగ కాకుండా ఉంటారు. పాత బిందె, పాత భరిణె అమ్మేముందు మూత తీసి లోపల చేయిపెట్టి చూడండి. మేము కొనేవాళ్ళం కూడా ఇప్పుడు ఆ పనే చేస్తున్నాం. త్రాసు మీద పెట్టేముందు ప్రతి మూతా ఇంటివాళ్ళ చేతనే తీయిస్తున్నాడు మా చిన్నాన్న.